లినక్సు ప్రతిష్ఠాపన: ఒక షరతు కథ

కంప్యూటరులో నిర్వహణ వ్యవస్థను నెలకొల్పడాన్ని నేను ‘ప్రతిష్ఠాపన’ అంటాను. యంత్రానికి ప్రాణం వచ్చేది అప్పుడే కదా! లినక్సు ప్రతిష్ఠ నానాటికీ సులువైన తీరును తరచి చూస్తే, అందుకు సాంకేతిక నైపుణ్యమెంత కారణమో ఒక అనుమతిపత్రమూ అంతే కారణమని తోస్తుంది.

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన తొలి లినక్సు తన కాళ్ళపై తాను నిలువలేదు. మినిక్స్ అనే మరో వ్యవస్థ ఆసరా కావలసివచ్చింది. పైగా, ప్రతులు పంచేవారు రుసుమేమీ పుచ్చుకోరాదని షరతు. ఫ్లాపీల ఖర్చులైనా రాబట్టుకోనీయని ఆ నిబంధనను 1992లో తొలగించి, ఆయన జీపీఎల్ లైసెన్సును స్వీకరించారు. అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకిచ్చేటప్పుడు మాత్రం మూలరచనను దాచరాదు. ఇదీ దాని సారాంశం.

ఆ తరువాతే పంపిణీలు వర్ధిల్లాయి. 1993 నాటి స్లాక్‌వేర్ 24 ఫ్లాపీలలో వచ్చింది. 2000లో వెలువడిన క్నాపిక్స్‌ను హార్డుడిస్కును ముట్టకుండా, ఒక్క సీడీ నుంచే నడిపి చూడగలిగారు. 2004లో పుట్టిన ఉబుంటు సీడీలను 2011 వరకు కోరినవారికి తపాలాలో ఉచితంగా పంపారు.

రుసుము తీసుకోవడానికి అనుమతి దొరికాకనే లినక్సు ఊరూరికీ చేరడం ఈ చరిత్రలోని చమత్కారం. విద్యా అంతే. గురుదక్షిణ ఇచ్చి నేర్చుకున్నా తప్పులేదు. నేర్చినదాన్ని దాచుకోవడమే తప్పు.