కలరాను తరిమిన కాలువలు



నేను ప్రభుత్వ వైద్యుడిగా పనిచేస్తున్న రోజుల్లో ఒక వానాకాలం ఒకే వీధి నుంచి వాంతులు, విరేచనాలతో రోగులు వరుసగా ఆసుపత్రికి వచ్చారు. సెలైన్ ఎక్కించి చాలామందిని నిలబెట్టగలిగాం. తరువాత ఆ వీధికి వెళ్లి చూస్తే, పూడుకుపోయిన కాలువ పొంగి, మంచినీటి గొట్టం ఆ మురుగులో మునిగి ఉంది. నీటి సరఫరా ఆగగానే గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు పగుళ్లగుండా బయటి మురుగు లోపలికి చేరుతుంది. మేము వార్డులో చికిత్స చేస్తున్న జబ్బుకు మూలం ఆ వీధిలోనే ఉంది.

ఈ పాఠాన్ని లండన్ నగరం చాలా ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి మురుగంతా థేమ్స్ నదిలో కలిసేది. అదే నది నీటిని ప్రజలు తాగేవారు. కలరా దుర్గంధం వల్ల వస్తుందని నాటి పెద్దల నమ్మకం. 1854లో జాన్ స్నో అనే వైద్యుడు బ్రాడ్ వీధిలో మరణించినవారి ఇళ్లను లెక్కించి, వ్యాధికి కారణం అక్కడి చేతిపంపు నీరేనని చూపాడు. పంపు పిడిని తీయించాడు కానీ, అధికారులను పూర్తిగా ఒప్పించలేకపోయాడు.

1858 వేసవిలో నది కంపు భరించరానిదైంది. పార్లమెంటు భవనపు తెరలను సున్నపు క్లోరైడులో తడిపి వేలాడదీశారు. సభ్యుల ముక్కులకే కంపు సోకడంతో చట్టం కొద్దివారాల్లోనే సిద్ధమైంది. జోసెఫ్ బజాల్జెట్ అనే ఇంజనీరు, మురుగును నది పొడవునా అడ్డగించి నగరానికి తూర్పున దూరంగా తరలించే పెద్ద ఇటుక కాలువలను నిర్మించాడు.

1866లో కలరా మళ్లీ వచ్చింది. ఈసారి అది విజృంభించింది ప్రధానంగా తూర్పు లండన్‌లో. కొత్త కాలువల వ్యవస్థ ఇంకా పూర్తికాని ప్రాంతమది. అక్కడివారికి శుద్ధిచేయని నీరు కూడా అందింది. ఆ ఒక్క ప్రాంతంలోనే వేలమంది మరణించారు. దుర్గంధాన్ని పోగొట్టడానికి తలపెట్టిన కాలువలు, తాగేనీటిని మురుగు నుంచి వేరుచేసి కలరాను ఆపాయి. కారణం తప్పుగా ఊహించినా, చేసిన పని మాత్రం సరైనదే!

అయితే కాలువ కట్టగానే కథ ముగియదు. 2017లో అదే లండన్‌లోని వైట్‌చాపెల్ ప్రాంతంలో, భూగర్భ కాలువలో సుమారు 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువున్న కొవ్వు గడ్డ బయటపడింది. వంటింటి నూనె, తడి తుడుపు గుడ్డలు కలిసి రాయిలా గట్టిపడ్డాయి. దానిని తొలగించడానికి వారాలు పట్టింది.

మన నగరాల్లోనూ జరుగుతున్నది ఇదే. మురుగు గొట్టాన్ని వాలుగా వేస్తారు. నీరు తగిన వేగంతో పారితే అడుగున ఒండ్రు నిలవదు. నూనె, ప్లాస్టిక్, ఇసుక చేరినకొద్దీ దారి ఇరుకవుతుంది. మేడమీది వాననీటిని కూడా మురుగు గొట్టానికే కలిపితే, పెద్దవాన రోజున అది మోయలేదు. అప్పుడు మురుగు ఎదురు తన్ని, అన్నిటికంటే పల్లంలో ఉన్న చోటు నుంచి పైకి వస్తుంది. ఆ చోటు చాలాసార్లు మన అపార్టుమెంటు సెల్లారే. తరచూ మన లిఫ్టు గొయ్యి, నీటి సంపు ఉండేదీ అక్కడే.

కాబట్టి మిత్రులారా, వాడిన నూనెను సింకులో పోయకండి. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, తడి తుడుపు గుడ్డలను మరుగుదొడ్డిలో వేయకండి. వాననీటిని ఇంకుడు గుంతకు మళ్లించండి. సెల్లార్ గొట్టానికి ఎదురు ప్రవాహాన్ని ఆపే వాల్వు అమర్చుకోండి. వానలకు ముందే పూడిక తీయించమని అడగండి. సంపులోకి మురుగు చేరిందన్న అనుమానం వస్తే, దానిని ఖాళీచేసి, కడిగి, క్లోరినేషన్ చేయించేవరకు ఆ నీరు తాగకండి.

చివరిగా ఒక్క మాట. పూడిక తీయడానికి మనిషిని రక్షణ లేకుండా మ్యాన్‌హోల్‌లోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. లోపలి విషవాయువు క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది. కాపాడబోయినవాడూ బయటికి రాడు. యంత్రానికి అయ్యే ఖర్చు ఎక్కువనిపిస్తే, ఆ మనిషి ఇంట్లో ఎదురుచూసే పిల్లలను ఒక్కసారి తలచుకోండి. మన ఆరోగ్యం మరొకరి ప్రాణం మీద నిలబడకూడదు.