బల్ల దగ్గర నిలబడే మనిషి

1907 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక పరీక్ష మొదలైంది. ఉన్ని మిల్లుల ఊరది. నిరుపేద ఇళ్ల నుంచి 40 మంది పిల్లల్ని ఎంచి, జులై దాకా పొద్దున ఫలహారం, మధ్యాహ్నం భోజనం పెట్టి, వాళ్ల బరువు తూస్తూ వచ్చారు. దీన్ని నడిపింది ఇద్దరు. ఒకరు బడిపిల్లల వైద్యాధికారి రాల్ఫ్ క్రౌలీ, మరొకరు బడుల్లో వంట, ఇంటిపని చదువులు చూసే మారియన్ కఫ్. పిల్లల తిండికి పన్నుల డబ్బు ఖర్చుపెట్టే అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇచ్చే చట్టం అంతకు కొద్ది నెలల ముందే, 1906 చివర్లో వచ్చింది. భోజనం పెట్టిన పిల్లలు తక్కినవాళ్లకంటే ఎక్కువ బరువు పెరిగారు. మధ్యలో సెలవులొచ్చి భోజనం ఆగితే తగ్గారు. బడి భోజనం చరిత్ర రాసేవాళ్లంతా ఆ బరువుల సంగతే చెబుతారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ పరీక్షలో ఇంకో భాగం. బల్లల మీద గుడ్డ పరిచారు. పూలు పెట్టారు. పెద్ద తరగతుల ఆడపిల్లలు ఏప్రన్లు కట్టుకుని చిన్నవాళ్లకు వడ్డించారు. టీచర్లు దగ్గరుండి చూసుకున్నారు. మొదట్లో బల్లగుడ్డలు బాగా మురికయ్యాయి, పిల్లల ఒంటిమీది బట్టలే మురికివి మరి. రానురాను తగ్గింది. ఓట్స్ జావ అలవాటు లేని పిల్లలు మొదట వద్దన్నారు, కొన్నాళ్లకు వాళ్లే ఇష్టంగా తాగారు. పెట్టిన తిండి ఎంత ముఖ్యమో, అది పెట్టిన తీరూ, పక్కన ఉన్న మనిషీ అంతే ముఖ్యమని ఆ ఇద్దరికీ తెలుసు. పిల్లవాడు నేర్చుకునే చోట్లలో భోజనాల గది కూడా ఒకటని వాళ్లు నమ్మారు. ఆ నమ్మకం తర్వాత ఎలా జారిపోయిందో, మళ్లీ ఎన్నేళ్లకు చేతికొచ్చిందో చెప్పుకోవాల్సిన కథ.

1944 విద్యాచట్టంతో బడిలో భోజనం పెట్టడం స్థానిక సంస్థల బాధ్యత అయింది. లక్షల మంది పిల్లలు బల్లల ముందు కూర్చున్నారు. కాపలా బాధ్యత టీచర్ల మీద పడింది. పొద్దున్నుంచీ పాఠం చెప్పినవాళ్లకు ఆ గంటా విశ్రాంతి లేదు. వాళ్ల సంఘాలు ఏళ్ల తరబడి పోరాడాయి. 1967లో గొడవ ముదిరింది. మరుసటి ఏడాది, టీచర్లను భోజనాల డ్యూటీకి బలవంతపెట్టకూడదన్న ఒప్పందం కుదిరింది. న్యాయమైన కోరికే. అయితే వాళ్లు ఖాళీ చేసిన చోటికి ఎవరొచ్చారు?

చుట్టుపక్కల వీధుల ఆడవాళ్లు వచ్చారు. చాలామంది అదే బడిలో చదివే పిల్లల తల్లులు. కాగితం మీద వాళ్ల పేరు మిడ్‌డే సూపర్‌వైజర్లు. జనం నోట వంటగదివాళ్లతో కలిపి అందరూ డిన్నర్ లేడీసే. రోజుకు గంట, గంటన్నర పని, ఆ మేరకే కూలి. శిక్షణ దాదాపు లేదు. 1980ల మధ్యలో జీతాల పోరాటంలో టీచర్లు స్వచ్ఛందంగా చేసే మధ్యాహ్నపు పనులు కూడా మానేశారు. 1987లో వచ్చిన కొత్త సర్వీసు నిబంధనలు మధ్యాహ్న విరామం టీచర్ల హక్కని ఖాయం చేశాయి. భోజనాల గదీ, ఆటస్థలమూ పూర్తిగా ఈ ఆడవాళ్ల చేతిలో పడ్డాయి. పొద్దుట టీచరు మాట వినే పిల్లలే మధ్యాహ్నం వీళ్ల మాట వినేవాళ్లు కారు. బడి వీళ్లకు పని అప్పగించింది గానీ అధికారం ఇవ్వలేదని పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది.

బడుల్లో క్రమశిక్షణ మీద లార్డ్ ఎల్టన్ అధ్యక్షతన వేసిన కమిటీ 1989లో నివేదిక ఇచ్చింది. సిఫార్సులు 138. పిల్లల ప్రవర్తన విషయంలో తమకు అన్నిటికంటే పెద్ద తలనొప్పి మధ్యాహ్న విరామమేనని చాలామంది హెడ్మాస్టర్లు కమిటీకి చెప్పారు. సూపర్‌వైజర్లకు పిల్లల ప్రవర్తన చక్కదిద్దడంలో తగిన శిక్షణ ఇవ్వాలని కమిటీ సిఫార్సు చేసింది. బ్రాడ్‌ఫర్డ్ బల్లగుడ్డలకూ ఈ వాక్యానికీ మధ్య 82 ఏళ్లు గడిచాయి.

ఆ శిక్షణలో ఏం నేర్పాలన్నది ఇంగ్లండులోనే షెఫీల్డ్ నగరంలో తేలింది. 1990ల మొదట్లో మనస్తత్వవేత్త పీటర్ స్మిత్ బృందం అక్కడి బడుల్లో పిల్లల మధ్య వేధింపులు తగ్గించే పని చేపట్టింది. వేధింపులు ఎక్కువగా జరిగేది తరగతిలో కాదు, ఆటస్థలంలో. అక్కడుండేది సూపర్‌వైజర్లు. అందుకే వాళ్లకు శిక్షణ ఆ పనిలో ఒక భాగమైంది. అందులో నాకు చాలా నచ్చిన పాఠం ఒకటుంది: ఉత్తుత్తి కుస్తీకీ నిజం కొట్లాటకూ తేడా పట్టడం. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే, ఇద్దరు పిల్లలు కలబడి నేలమీద దొర్లుతుంటారు. ఆటైతే ముఖాల్లో నవ్వుంటుంది, ఒకసారి వీడు పైన, ఒకసారి వాడు పైన. బలమున్నవాడు కావాలనే కాస్త తగ్గుతాడు. అయిపోయాక ఇద్దరూ కలిసే పోతారు. కొట్లాటైతే ముఖాలు బిగుసుకుంటాయి, చుట్టూ పిల్లలు గుమిగూడతారు, ముగిశాక చెరోవైపు వెళ్లిపోతారు. ఈ తేడా తెలియని మనిషి ఆటలాడే పిల్లల్ని రోజూ శిక్షిస్తుంది, మూలకు నెట్టి బెదిరిస్తున్న వాణ్ణి చూడకుండా దాటిపోతుంది. తెలిసిన మనిషి మాటకు పిల్లల్లో విలువ పెరుగుతుంది. విజిల్ ఊది అరవడం కంటే దగ్గరికి నడిచి వెళ్లి పేరుపెట్టి పిలవడం, నలుగురి ముందూ కాకుండా పక్కకు తీసుకెళ్లి మాట్లాడడం, మంచి చేసినప్పుడు అదేమిటో చెప్పి మెచ్చుకోవడం కూడా ఇలాంటి శిక్షణల్లో ఉంటాయి.

తిండి వైపు కథ వేరే దారిలో నడిచింది. 1980 చట్టం బడి భోజనానికి ఉన్న పోషక ప్రమాణాలను తీసేసింది. చిప్స్, వేపుడు మాంసం ముక్కలు పళ్లేలు నింపాయి. 2005లో టీవీ వంటల షెఫ్ జేమీ ఆలివర్ లండన్‌లోని కిడ్‌బ్రూక్ బడి వంటగదిలోకి టీవీ కెమెరాలతో వెళ్లాక దేశం ఉలిక్కిపడింది. మరుసటి ఏడాది నుంచి ప్రమాణాలు తిరిగొచ్చాయి. పళ్లెంలోకి కూరగాయలు వచ్చాయి సరే, నోట్లోకి వెళ్లడం ఎలా?

ఇక్కడే బల్ల దగ్గర నిలబడే మనిషి మాట అక్కరకొస్తుంది. ‘మొత్తం తింటేనే స్వీటు’ అన్నది తరాలుగా పెద్దల నోట నానిన మాట. అమెరికాలో లీయాన్ బర్చ్ అనే మనస్తత్వవేత్త 1980ల నుంచి చిన్నపిల్లల మీద చేసిన పరిశోధనలు ఆ మాటను నిలదీశాయి. తాగితే బహుమతి అంటూ తాగించిన పానీయం మీద పిల్లలకు ఇష్టం తగ్గింది. 2006లో ఆమె బృందం చేసిన మరో పరిశీలనలో, ‘సూప్ తాగెయ్, తాగెయ్’ అని వెంటపడ్డప్పటి కంటే ఊరుకున్నప్పుడే పిల్లలు ఎక్కువ తాగారు. అదే తిండి మళ్లీమళ్లీ కొంచెం కొంచెంగా రుచి చూస్తే, పక్కనున్న స్నేహితుడు ఇష్టంగా తింటుంటే చూస్తే, ఇష్టం పెరిగింది. వేల్స్‌లోని బాంగోర్ విశ్వవిద్యాలయంలో ఫెర్గస్ లోవ్, పౌలీన్ హార్న్ రూపొందించిన ‘ఫుడ్ డ్యూడ్స్’ కార్యక్రమం రుచి చూసినందుకు చిన్న బహుమతులిచ్చి మంచి ఫలితాలు సాధించింది. బర్చ్ చెప్పిందీ, ఈ కార్యక్రమం చేసిందీ ఒకదానికొకటి అడ్డంగా కనిపిస్తాయి గానీ, ఒక ముక్క ధైర్యంగా నోట్లో పెట్టుకున్నందుకు మెచ్చుకోవడం వేరు, పళ్లెం ఖాళీ చేయించడం వేరు.

కాబట్టి సూపర్‌వైజర్ నేర్చుకోవలసిన మాటలు చాలా చిన్నవి. ‘వాసన చూడు. కొంచెం నాలుకకు తగిలించు. వద్దనిపిస్తే పక్కన పెట్టు, రేపు చూద్దాం.’ వెనక నిలబడి తొందరపెట్టకుండా పక్కన కూర్చోవడం. ఫోర్కు పట్టడం రానివాడికి పట్టడం నేర్పడం. 2014 సెప్టెంబరులో ఇంగ్లండులో మొదటి మూడు తరగతుల పిల్లలందరికీ ఉచిత భోజనం మొదలైనప్పుడు, నాలుగేళ్లు నిండిన పసివాళ్లు ఒక్కసారిగా భోజనాల గదుల్లోకి వచ్చారు. ఈ పనుల విలువ అప్పుడు అందరికీ కనబడింది.

మన తెలుగునాట బడుల్లో 2003లో వండిన భోజనం వచ్చినప్పటి నుంచి ఈ పని ఎక్కువగా పొదుపు సంఘాల అక్కల చేతుల్లో ఉంది. 2013లో బీహార్‌లో పురుగుమందు కలిసిన బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయాక, శిక్షణ అంటే ముందుగా శుభ్రత, నిల్వ, వడ్డించే ముందు పెద్దలు రుచి చూడడం గుర్తొస్తాయి. అలాగే ఉండాలి కూడా. కానీ ఆకుకూర పప్పు వడ్డించే ఆ అక్కే, పక్కకు నెట్టేసే పిల్లవాడితో ఏం మాట్లాడాలన్నదీ నేర్చుకోదగ్గ విద్యే. దాన్ని నేర్పే ఏర్పాటు, నేర్చుకున్న రోజుకు కూలి, రెండూ ఆమెకు దక్కాలి.

ఇంగ్లండులోనూ చిక్కు అక్కడే ఉంది. పళ్లెంలో ఏముండాలో చట్టం చెబుతుంది, పళ్లెం పక్కన నిలబడే మనిషికి ఏం నేర్పాలన్నది చాలావరకు ఆయా బడులకే వదిలేసింది. కూలి ఇచ్చేది పిల్లలు తినే గంటకే గనక, శిక్షణ పెట్టాలంటే బడి మరికొన్ని గంటల కూలి వెతుక్కోవాలి. వెతుక్కున్న బడుల్లో సూపర్‌వైజర్లు టీచర్లతో కూర్చుని మాట్లాడతారు. ఏ పిల్లవాడు ఇంట్లో ఏం తినకుండా వచ్చాడో టీచరు చెబుతుంది, ఏ పిల్ల వరుసగా నాలుగు రోజులు పళ్లెం ముట్టలేదో, ఎవరి పక్కన కూర్చుంటే తింటోందో సూపర్‌వైజర్ చెబుతుంది.