పదో నిమిషం

మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ. మెట్లెక్కి పై అంతస్తులోని ఓ ఇరుకు గదిలోకి మీరు వచ్చారు. ఏసీ లేదు. బల్ల మీద, దాని అట్టపెట్టె మీదే పరిచిన మదర్‌బోర్డు. క్యాబినెట్ లేదు, అన్నీ బయటికే. చవక రకం. దానికి ఎక్కించింది మాత్రం రైజెన్ 7 5800ఎక్స్: 8 కోర్లు, 16 థ్రెడ్లు.

ముందు ర్యామ్ చూడండి. రెండు స్టిక్కులనీ పక్కపక్క స్లాట్లలో గుచ్చేశారెవరో. 3200 రకానికి 51.2 జీబీ రావలసిన దారి సగానికి, సెకనుకు 25.6 జీబీకి పడిపోయింది. అక్కడి కుర్రాడు వాటిని రెండో, నాలుగో స్లాట్లకు మార్చి, బయాస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చేశాడు. సరే, అది తేలిక పని.

అసలు కథ ప్రాసెసర్ పక్కనే ఉంది. ఆ నల్లటి చిన్న చిప్పుల వరస మాస్‌ఫెట్లు. సప్లయి నుంచి వచ్చే 12 వోల్టులను ఒకటి చిల్లరకు దించి ప్రాసెసర్‌కు పోసేవి ఇవే. ఈ ప్రాసెసర్‌కు పేరుకు 105 వాట్లంటారు గానీ లాగేది 142 దాకా, 95 ఆంపియర్ల దాకా. మన ఇంటి మీటరు దగ్గర అన్ని ఆంపియర్లు లాగితే ఫ్యూజు నిలవదు. ఈ బోర్డులో మాస్‌ఫెట్ల మీద హీట్‌సింక్ ముక్క కూడా లేదు.

సినీబెంచ్ ఆర్23 పరీక్ష మొదలైంది. తెర మీద గదిబొమ్మ గళ్లుగళ్లుగా నిండుతోంది. ఒక్కసారి గీసి ఆపితే స్కోరు 15 వేల పైచిలుకు. దుకాణాల్లో చూపించే అంకె ఇదే! మనం ఆపం, పది నిమిషాలు నడుపుతాం.

నాలుగో నిమిషం. క్లాక్ 4.4 గిగాహెర్ట్జ్. కుర్రాడు మాస్‌ఫెట్ల మీదికి లేజర్ థర్మామీటర్ గురిపెట్టాడు: 98 డిగ్రీలు. మీ వేలు అటు వెళ్లింది.

"చెయ్యి పెట్టకన్నా, కాల్తది."

ఆరు: 107. వేడెక్కిన బోర్డు వాసన ముక్కుకు తెలుస్తోంది. ఏడు దాటగానే క్లాక్ ధన్‌మని 2.9కి జారింది. గళ్లు ఈడ్చుకుంటూ నిండుతున్నాయి. ప్రాసెసర్ చల్లగానే ఉంది పాపం, దాని తప్పేం లేదు. బోర్డుది ఆరంభశూరత్వం.

ఇంకో మాయ కూడా ఉంది. ప్రాసెసర్‌కు కరెంటు తక్కువ లెక్క చెప్పి, అదనంగా లాగించి, స్కోరు పెంచుకునే బోర్డులున్నాయి. ఈ దొంగ తూకం పట్టడానికే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో 2020లో ఒక మీటరు పెట్టారు. పూర్తి లోడు మీద అది 100 శాతం దగ్గర నిలవాలి, బాగా తక్కువ చూపితే తక్కెడలో మోసమే. ఈ బోర్డు 99 చూపిస్తోంది. నిజాయితీపరురాలే, ఓపికే లేదు.

కుర్రాడు పాత క్యాబినెట్ ఫ్యానొకటి తెచ్చి మాస్‌ఫెట్ల మీదికి తిప్పాడు. నిమిషంలో క్లాక్ మళ్లీ 4.4.

"దీనికి 65 వాట్ల ప్రాసెసర్ పెట్టుకో అన్నా. ఇది వద్దు."

మీరు కొనేటప్పుడు కూడా మొదటి అంకె చూసి బిల్లు రాయించుకోకండి. పదో నిమిషంలో ఎంతొచ్చిందో అడగండి, అదీ ఎండాకాలంలో.