ప్లుటోనియమును నరదేహమును

విద్య లోకమునకు మేలు చేయుననుట సర్వసమ్మతము. కాని యా విద్య యెవరి దేహములను వ్యయము చేసి ఆర్జింపబడినదో చరిత్రకారుడు విచారింపక తప్పదు. ప్లుటోనియపు చరిత్రయే యిందుకు నిదర్శనము.

ఈ లోహమును సీబోర్గు మొదలగు శాస్త్రజ్ఞులు 1941లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున గుర్తించిరి. దీనినుండి వెడలు ఆల్ఫా కిరణములు కాగితమును సైతము దాటజాలవు. చర్మమే వానికి అడ్డు. కాని ధూళియై ఊపిరితో లోనికి జొచ్చెనా, ఊపిరితిత్తులలో నిలిచి, కొంత నెత్తుట గలిసి, ఎముకలను కాలేయమును ఆశ్రయించును. ఎముకలలో చేరినదానియందు సగము తొలగుటకే దాదాపు 50 సంవత్సరములు పట్టును. రష్యాలోని మయాక్ కర్మాగారపు పనివారిలో ఈ మూడు చోట్లను రాచపుండ్లు ప్లుటోనియము హెచ్చిన కొలది హెచ్చినట్లు తరువాతి పరిశోధనలు తేల్చినవి.

యుద్ధకాలమున అమెరికాలో అణ్వస్త్రమును నిర్మించువారికి ఒక లెక్క కావలసివచ్చెను: మూత్రమును పరీక్షించి, పనివాని దేహమున నెంత ప్లుటోనియము నిలిచినదో తెలియుటెట్లు? జంతువులపై చేసిన ప్రయోగములు చాలవని తలచిరి. 1945 ఏప్రిల్ 10వ తేదీన, ఓక్‌రిడ్జి వైద్యశాలలో, మోటారు ప్రమాదమున ఎముకలు విరిగి పడియున్న యొక నల్లజాతి కూలివాని రక్తనాళములోనికి ప్లుటోనియము నెక్కించిరి. 1947 నాటికి రోచెస్టరు, చికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరముల రోగులతో గూడి ఇట్టివారు 18 మందియైరి. వారిలో నొకనికి ఉదరమున రాచపుండని వైద్యులు నమ్మిరి. శస్త్రచికిత్సలో అది మామూలు పుండని తేలెను. అతడు ఆ విషమును మోయుచునే యిరువది యేండ్లకు పైగా జీవించెను.

మోతాదు స్వల్పమగుటచే తత్క్షణహాని కానరాలేదనియు, ఆ లెక్క పిమ్మట వేలకొలది పనివారి రక్షణకు వచ్చెననియు కొందరందురు. రెండును నిజమే. అయిన, ప్రయోగము నిర్దోషమైనచో దాచుటేల? ప్లుటోనియమను పేరే నాడు రహస్యము. 1973లో, బ్రతికియున్నవారిని మరల పరీక్షించినప్పుడును నిజము చెప్పరైరి. 1993లో ఐలీన్ వెల్సమ్ అను పత్రికారచయిత్రి ఆ రోగుల పేళ్లను వెలికిదీసినగాని లోకము మేల్కొనలేదు. 1995లో అధ్యక్షుడు క్లింటను ప్రభుత్వము పక్షమున క్షమాపణ చెప్పెను. అప్పటికి ఆ పదునెనమండుగురిలో దానిని వినుట కొక్కరును మిగిలి యుండలేదు.

మేము విజ్ఞానమును నిందింపము. రోగి తన దేహమును లోకహితమునకై యీయవచ్చును, అది దానము. అడుగక తీసికొన్నది దానము కాదు. దానివలన ఎందరికి మేలు కలిగినను, దాని పేరు మారదు.