ఉత్తరమేరూరు శాసనము - లెక్క యొప్పగించు ధర్మము

ప్రజలచే నెన్నుకొనఁబడినవారు పదవి నధిష్ఠించిన పిమ్మట ప్రజలకు లెక్క చెప్పవలయునా యను ప్రశ్న నూతనమైనది కాదు. కాంచీపురమునకు సమీపముననున్న ఉత్తరమేరూరివారు దానికి వేయేండ్లకుఁ బూర్వమే సమాధానము చెప్పి, రాతిపైఁ జెక్కించిరి.

అచ్చటి వైకుంఠపెరుమాళ్ళ కోవెల గోడలపై మొదటి పరాంతకచోళుని కాలమునాఁటి శాసనములు రెండు గలవు. అవి క్రీ. శ. 919, 921 సంవత్సరములవి. గ్రామము 30 వాడలుగా విభజింపఁబడెను. అర్హుల పేరులను తాటియాకులపై వ్రాసి, కుండలో వైచి, ఏమియు నెఱుఁగని బాలునిచేఁ దీయించెడివారు. ఇట్లేర్పడినవారిలో 12 మంది సంవత్సరసంఘమునకు, 12 మంది తోఁటసంఘమునకు, 6గురు చెఱువుసంఘమునకు నియుక్తులైరి. పదవీకాలము 360 దినములు.

ఈ యెన్నికను మెచ్చుకొనువారు పెక్కండ్రు. మేము మిక్కిలి మెచ్చునది తరువాతి కట్టుబాటును. సంఘమున నుండి లెక్క యొప్పగింపనివాని పేరు మరల కుండలోఁ బడదు. వాని తండ్రి, కొడుకు, మేనమామ, మామ, బావమఱఁది, అల్లుఁడు మున్నగు బంధువుల పేరులును బడవు. పదవిలో నుండఁగా నపరాధియని తేలినవాఁడు వెంటనే తొలఁగింపఁబడును. కరణము తాను వ్రాసిన లెక్క నొప్పగించి, నిర్దోషియని యనిపించుకొననిదే వేఱొక లెక్క వ్రాయరాదు.

అది బ్రాహ్మణసభ. పన్ను చెల్లించు భూమియు, స్వగృహమును, వేదజ్ఞానమును గలవారికే యందుఁ జోటు. ఆ సంకుచితత్వమును మేము కీర్తింపము. 1950లో నమలులోనికి వచ్చిన రాజ్యాంగము వయోజనులందఱకును ఓటు నొసఁగెను. కాని శాసనసభ్యుని నడుమ తొలఁగించు హక్కు ఓటరునకు లేదు. కావున అడుగు హక్కునే వినియోగింపవలయును. 1992 నాఁటి 73వ సవరణ గ్రామసభకు రాజ్యాంగమునఁ జోటు కల్పించెను. 2005 నాఁటి సమాచారహక్కు చట్టము ప్రకారము సామాన్యముగా 30 దినములలో సమాధానమీయవలయును. ఉపాధిహామీ పనుల మస్టరులను కూలీల యెదుటఁ జదివి సరిచూచు సామాజిక తనిఖీ 2006లో ఆంధ్రప్రదేశమున నారంభమయ్యెను.

మేము ఉపాధ్యాయులముగా నున్న యొక గ్రామమునఁ జెఱువుగట్టు మరమ్మతునకు సొమ్ము వచ్చినదని యందఱెఱుఁగుదురు. మఱుసటి వానలకు గట్టు తెగెను. లెక్క నెవ్వరు నడుగరైరి. అతఁడు మనవాఁడని మేమును మౌనము వహించితిమి. ఆ మౌనము నేఁటికిని మమ్ము బాధించుచున్నది.

కులబాంధవులారా! మనవాఁడను మాట లెక్కను కప్పుటకుఁ గాదు. ఉత్తరమేరూరివారు బంధువులనుగూడ ననర్హులను జేయుటచే, లెక్క చూపుమని మొదట నడుగవలసినవాఁడు బంధువే యయ్యెను. ఆ ధర్మమును మన సంఘపు పద్దులనుండియే యారంభింపుఁడని మా విన్నపము.