జీతం పద్దు ఎవరి చేతిలో?

"జీతం తీసుకోవటం" వేరు, "జీతముండటం" వేరు. కళాశాలలో పాఠం చెప్పి నెలాఖరుకు నాబోటివాడు తీసుకునేది జీతమే. వికారాబాదు జిల్లా బంట్వారం ప్రాంతంలో ముసలివాళ్ళను కదిపితే "మా నాయిన పటేలు దగ్గర జీతముండె" అంటారు. మొదటి మాటలో జీతమంటే కొంత డబ్బు. రెండవ మాటలో అది మనిషి బతికిన తీరు. జీవితం అనే సంస్కృత పదం అరిగి జీతమైందని నిఘంటువులు చెబుతాయి గనుక, రెండవ అర్థమే మూలానికి దగ్గర. ఆ వూరి పేరులోనే బంటూ వినిపిస్తాడు, పంటలో పాలు అనే అర్థంలో వారమూ వినిపిస్తుంది. ఇది వ్యుత్పత్తి అని నేను వాదించబోవటం లేదు. చెవికి తగిలిన మాట చెబుతున్నాను.

శ్రామికుల నిర్వహణను ఆధునికం చేయాలన్న మాట ఈ మధ్య పట్టణాల్లోనూ, ప్రభుత్వ కాగితాల్లోనూ తరచుగా వినబడుతున్నది. హాజరు యంత్రంలో పడాలి, పనికి కొలత వుండాలి, కూలి బ్యాంకు ఖాతాకు చేరాలి. వీటిని కాదనేవాడెవడూ లేడు. అయితే ఇది చిన్న కమతాల పల్లెలోకి ఏ దారిన వచ్చిందో, వచ్చి ఎవరి చేతిని బలపరిచిందో తేల్చుకోవాలంటే జీతగాడి పద్దు దగ్గర మొదలుపెట్టాలి.

నిజాం సర్కారు కాగితాల్లో జీతగాడి పేరు భగేలా. పెళ్ళికో, కరువులో తిండికో దొర దగ్గర కొంత అప్పు తీసుకునేవాడు. తీరేదాకా చాకిరీ చేయాలి. చాకిరీకి కొలిచిన ధాన్యం కడుపుకే చాలదు గనుక అసలు కరిగేది కాదు. తండ్రి పోతే కొడుకు అదే కాడి కింద మెడ పెట్టేవాడు. వీరిలో అత్యధికులు మాదిగ, మాల కులాలవారు. ఈ వ్యవస్థను తలచుకుంటే మనకు ముందు కొరడా గుర్తుకొస్తుంది. కాని మనిషిని తరాల తరబడి పట్టి వుంచినది కొరడా కంటె పద్దు పుస్తకం. ఇచ్చినదెంత, తీరినదెంత, నాగా పడిన రోజులెన్ని అని రాసేది దొర మనిషి. వేలిముద్ర వేసేది జీతగాడు. మన సాహిత్యం గడీని రాసింది, వెట్టిని రాసింది. వట్టికోట ఆళ్వారుస్వామి "ప్రజల మనిషి", దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్ళు" లేకపోతే ఆ కాలం మనకు సగమే తెలిసేది. అయినా మన కథకులకు దెబ్బ అందినంతగా లెక్క అందలేదు.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ మొదటిసారి సమావేశమైంది. వెట్టి మీద ఆందోళన ఆనాటికే సాగుతున్నది. 1936లో భగేలా ఒప్పందాలను అదుపు చేయటానికి సర్కారు వొక చట్టం తెచ్చింది. అది కాగితం మీదనే వుండిపోయింది. అమలు చేయవలసిన పటేలు, పట్వారీలు దొర గుమ్మంలోని మనుషులే కదా! 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో రైతులు గడీల మీద పడి అప్పు పత్రాలు తగలబెట్టారంటే, ఏది తమను కట్టివేసిందో వారికి బాగా తెలుసునన్నమాట.

ఆ మంట నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లో రగిలినంతగా పడమట రగలలేదు. వికారాబాదు పేరే పాయెగా ప్రభువు వికారుల్ ఉమ్రా పేరు. ఇక్కడ మార్పు చాలావరకు చట్టాల మీదుగా, నత్తనడకన వచ్చింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. రక్షిత కౌలుదారుకు భూమి మీద యాజమాన్యం ఇచ్చే 38-ఇ సెక్షను తెలంగాణాలో ఎక్కువ భాగానికి 1973లో గాని వర్తించలేదు. ఇరవై మూడేళ్ళు! ఈ లోపల భూమి పేరు మార్చుకుని చెక్కు చెదరకుండా నిలబడటానికి కావలసినంత వ్యవధి దొరికింది. వెట్టి కార్మిక వ్యవస్థ రద్దుకు 1975లో ఆర్డినెన్సు, 1976లో చట్టం. జీతముండటం అన్న మాట ఆ తర్వాతనే మెల్లగా భూతకాలంలోకి జారింది.

పెద్ద కమతం చీలిపోగా మిగిలినది ఏమిటి? 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణాలో కమతాలు సుమారు 59 లక్షల 48 వేలు. సగటు కమతం వొక హెక్టారు, అనగా రెండున్నర ఎకరాలు. నూటికి ఎనభై ఎనిమిది కమతాలు అయిదెకరాల లోపువే. ఇంత చిన్న చెక్క మీద యజమాని ఎవరు, కూలీ ఎవరు? రెండూ వొక్క మనిషే. తెల్లవారి తన చేనులో కలుపు తీసిన ఆడమనిషి మర్నాడు పొరుగువాడి చేనులో కూలికి పోతుంది. మూడవనాడు తన చేనుకు నలుగురిని పిలిచి వాళ్ళకు కూలి ఇస్తుంది.

1899లో వొకే ఏడాది రెండు గ్రంథాలు వెలువడ్డాయి: కౌట్‌స్కీ "వ్యవసాయక సమస్య", లెనిన్ "రష్యాలో పెట్టుబడిదారీ విధానాభివృద్ధి". చిన్న కమతం బతుకుతున్నదంటే అది పెద్ద కమతం కన్నా సమర్థమని కాదు, తన వొంటిని ఎక్కువ అరగదీసి, తక్కువ తిని బతుకుతున్నదని కౌట్‌స్కీ వాదం. రైతులంతా వొకే వర్గం కాదనీ, మార్కెట్టు వాళ్ళను చీలుస్తుందనీ లెనిన్ చూపాడు. ఈ రెండు వాదాలనూ పరీక్షలకు వల్లె వేసే విద్యార్థులు వొక్కసారి తాండూరు కందిచేను గట్టున నిలబడి చూడాలని నా కోరిక.

తొలకరికి విత్తిన కంది పుష్య మాసం దాకా నిలుస్తుంది. తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరు పెరిగింది. కాని వర్షాధారపు చేనులో పని ఏడాది పొడుగునా సమంగా వుండదు. విత్తనం వేళ, కలుపు వేళ, కోత వేళ అందరికీ వొక్కసారే మనుషులు కావాలి. మిగతా నెలల్లో ఎవరికీ ఎవరూ అక్కరలేదు. పూర్వం దొర దీనికి జీతగాణ్ణి కట్టివేసి పరిష్కారం చేసుకున్నాడు. చిన్న రైతులు వొకరి చేనుకు వొకరు బదులు పోయి చేసుకున్నారు. ఆ లెక్క నోటి మీదనే వుండేది, ఇద్దరికీ గుర్తుండేది. పత్తి వచ్చాక ఏరటానికి కిలోకు ఇంత అని కూలి, కలుపుకు ఎకరానికి ఇంత అని గుత్త వచ్చాయి. ఆడవాళ్ళు గుంపు కట్టి ఆటోలో పోతారు. బేరం చేసేది గుంపు పెద్ద. గుత్తలో కూలి కొంత పెరుగుతుంది. పని దినం మాత్రం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కనబడకుండా పోతుంది.

1911లో ఫ్రెడరిక్ టేలర్ "శాస్త్రీయ నిర్వహణ సూత్రాలు" ప్రకటించాడు. చేతిలో గడియారం పట్టుకుని కార్మికుని ప్రతి కదలికనూ కొలిచే పద్ధతి అది. అది కర్మాగారాల శాస్త్రమనే మనం అనుకున్నాం. 2005 ఉపాధి హామీ చట్టంతో అది చెరువు మట్టిలోకి దిగింది. ఎండలో, గట్టి నేలలో మనిషి ఎంత మట్టి తవ్వగలడో కాల, చలన అధ్యయనాలతో తేల్చి రేట్లు కట్టాలని ఆ పథకపు నిబంధనలే చెప్పాయి. దీన్ని నేను నిందించటం లేదు. ఆడమనిషి, ముసలివాడు, రాతి నేల అన్న తేడాలు లెక్కలోకి రావటానికి ఆ కొలతే పనికివచ్చింది.

2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దానితోపాటు సామాజిక తనిఖీ కూడా మొదలైంది. మస్టరులో ఎవరి పేరు వున్నదో, ఎన్ని రోజులకు ఎంత కూలి రాశారో వూరి నడుమ సభలో చదివి వినిపించేవారు. పని చేయనివాడి పేరు చదివితే సభలోనే కేక లేచేది. జీతగాడి పద్దు తెరిచి అతనికే చదివి వినిపించటం తెలంగాణా పల్లెలు తరతరాలుగా ఎరగని సంగతి. నా దృష్టిలో ఆధునికత అన్న మాటకు తగినది ఏదైనా వుంటే అది ఈ చదవటమే.

తర్వాత హాజరు ఫోనులోకి పోయింది. 2021లో వచ్చిన హాజరు యాప్‌ను 2023 జనవరి నుంచి అన్ని పనిచోట్లకూ తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు ఫోటో తీయాలి. తన మట్టి కొలత పూర్తి చేసి ఇంటికి పోదామనుకున్న మనిషి రెండవ ఫోటో కోసం కూర్చోవలసి వచ్చింది. సిగ్నలు అందకపోతే ఆ రోజు నాగా. ఇంత చేసినా దొంగ హాజరు ఆగలేదు. ఫోటోకే ఫోటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర మంత్రిత్వ శాఖే రాష్ట్రాలకు రాసింది. ఆ ప్రాంతం నుంచి వచ్చే విద్యార్థిని వొకతె తన తల్లి మాటగా నాతో అన్నది: "నా మొఖం ఫోన్ల వున్నది సార్, పైసల్ ఏడున్నయో ఫోను చెప్తలేదు."

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో మరొకటి తెచ్చింది. హామీ 100 రోజుల నుంచి 125కు పెరిగింది. విత్తులు, కోతల కాలంలో ఏడాదికి మొత్తం 60 రోజుల దాకా పని ఆపవచ్చుననే నిబంధన కూడా చేరింది. ఆ కాలంలో రైతులకు కూలీలు దొరకాలన్నది దానికి చెప్పిన కారణం. చిన్న రైతుకు ఇది మేలుగానే తోస్తుంది. కూలి రేటు పెరిగిందన్న అతని బాధ అబద్ధం కాదు. అయితే కూలి బేరానికి బలం వచ్చేది సరిగ్గా ఆ అరవై రోజుల్లోనే. సర్కారు పని వుంటేనే "ఆ కూలికి రాను" అనే మాట నోట వస్తుంది. పైగా ఆ రైతు ఇంటి ఆడమనిషే పొరుగు చేనులో కూలీ గనుక, వొక చేత్తో మిగిలినది రెండవ చేత్తో పోతుంది.

అతని అసలు నష్టం మరో పుస్తకంలో వున్నది. ఢిల్లీలో మద్దతు ధర లెక్క కట్టేటప్పుడు రైతు కుటుంబపు చాకిరీకి కూడా కూలి కడతారు. దానికి చేతి ఖర్చు కలిపి, ఆ మొత్తానికి వొకటిన్నర రెట్లు ఇస్తున్నామని 2018 నుంచి ప్రకటిస్తున్నారు. భూమి కౌలునూ, పెట్టుబడి మీద వడ్డీనీ కూడా కలిపిన వ్యయం మీద సగం అదనంగా ఇవ్వాలన్నది స్వామినాథన్ సంఘపు సిఫారసు. ఈ రెంటికీ నడుమ వున్న తేడా కౌలు రైతుకు బాగా తెలుసు, ఎందుకంటే కౌలు అతను నిజంగా చెల్లిస్తాడు. 2018లో మొదలైన రైతుబంధు డబ్బు పట్టా వున్నవాడికి పోయింది, చేను దున్నిన కౌలుదారుకు పోలేదు. కౌలుదారు పేరు పట్టాలోనూ లేదు, మస్టరులోనూ లేదు. వున్నదల్లా విత్తనాలు, మందులు అరువిచ్చిన దుకాణందారు పద్దులో. కంది కోసి, కల్లంలో దులిపి, బస్తాలు కట్టినరోజు ముందుగా తెరుచుకునేది ఆ పద్దే.