టైప్ మిషన్ మొదట ఎవరి కోసం?

ఫ్రెండ్స్, ఆఫీసులో రోజంతా మనం టకటకా కొట్టే కీబోర్డ్ వెనక ఒక కథ ఉంది. తొలి టైపింగ్ మిషన్లలో ఒకటి ఇటలీలో పుట్టింది. చూపు లేని కౌంటెస్ కరోలినా ఫాంటోని కోసం పెల్లెగ్రీనో టుర్రి దాన్ని చేశాడు. అంతకుముందు ఆమె ఉత్తరం రాయాలంటే ఇంకొకరికి చెప్పి రాయించుకోవాలి. అంటే మనసులో మాట ముందు వేరేవాళ్ల చెవిన పడాలి! ఆ మిషన్ ఇప్పుడు లేదు. 1808లో ఆమె దానిమీద కొట్టిన ఉత్తరాలు మాత్రం మిగిలాయి.

1870లో ‘రైటింగ్ బాల్’కి పేటెంట్ తీసుకున్న డెన్మార్క్ ఆయన మాలింగ్ హాన్సెన్, వినికిడి లేని పిల్లల బడి నడిపేవాడు. చూపు మందగించిన తత్వవేత్త నీషే 1882లో దాన్నే వాడాడు. 1892లో అమెరికాలో ఫ్రాంక్ హాల్ బ్రెయిలీ టైప్‌రైటర్ తెచ్చాడు. బ్రెయిలీకి ఆరు చుక్కలు, మిషన్‌కి ఆరు కీలు. పేటెంట్ కూడా అడగలేదు.

మరి ఇప్పుడు? కోడ్ రాసినవాడిగా చెప్తున్నా. ఆఫీస్ యాప్‌లో బొమ్మ ఉన్న బటన్‌కి పేరు పెట్టకపోతే, స్క్రీన్ రీడర్ చాలాసార్లు ఉత్త ‘బటన్’ అనే చదువుతుంది. అది సేవ్‌నా, డిలీట్‌నా? చూపు లేని ఉద్యోగి పక్క సీటువాళ్లని అడగాల్సిందే. అంటే మళ్లీ కౌంటెస్ పాత రోజులకే. ఆ పేరు పెట్టడానికి ఒక్క లైను కోడ్ చాలు ఫ్రెండ్స్.